లెక్కకు రాని అతిథులు

కోనసీమలోని మన సభ్యులు కొందఱు ఇటీవలి సంవత్సరములలో కొబ్బరితోటలయందలి యిండ్లను ఒకటి రెండు దినములకు అద్దెకిచ్చుచున్నారు. పిల్లలు హైదరాబాదునకో అమెరికాకో తరలిపోయిన పిమ్మట తలుపులు మూసియుండిన మండువా యిండ్లు మరల సున్నము పూయించుకొని కన్నులు తెఱచినవి. కాయ ధర నేడున్నట్లు రేపుండని పంట మనది. దానికి తోడుగా ఈ రాబడి దొరకుట మంచిదే యని మా యభిప్రాయము. అందును సంక్రాంతి మూడు దినములును ఈ యిండ్లకు గిరాకి మెండు. కనుమనాడు మొసలపల్లి జగ్గన్నతోటలో పదునొకండు గ్రామముల రుద్రులు ప్రభలపై వేంచేయు తీర్థము, 2023 సంవత్సరపు గణతంత్ర దినోత్సవమున ఢిల్లీలో మన రాష్ట్ర శకటమునకు విషయమైన సంగతి చదువరులెఱుంగుదురు. దానిని చూడవచ్చువారిలో ఊరిలో చుట్టములు లేనివారికి మన తోట యిండ్లే దిక్కు.

ఐతే ఈ పనిలో దిగిన ప్రతివారికిని ఏదో యొక రాత్రి గేటువద్ద ఒక చిక్కు ఎదురుపడక తప్పదు. ఆరుగురమని చెప్పి కుదుర్చుకొనినవారు పన్నిద్దఱు దిగుదురు. అప్పుడేమి చేయవలెను? వలదనుటకు నోరాడదు. సరేయనుటకు తొట్టిలోని నీరు చాలదు.

ఒకరి సంగతి చెప్పుటకంటె మా సంగతియే చెప్పుట న్యాయము. కొన్ని సంక్రాంతుల క్రిందట, భోగికి ముందునాటి రాత్రి యది. మా తోట యింటిలో రెండు గదులు, ఒక సావడి, ఒకే మరుగుదొడ్డి. ఆరుగురికని ఫోనులో మాట యైనది. ఎనిమిది గంటలకు పెద్ద కారొకటి వచ్చినది. అందుండి ఆరుగురు దిగిరి. మేము తాళములిచ్చి, దీపముల మీటలు చూపి, యింటికి పోయి భోజనమునకు కూర్చుంటిమి. తొమ్మిదిన్నరకు రావులపాలెమునుండి ఆటో యొకటి వచ్చి తోటలోనికి మలుపు తిరిగినది. అందు ఒక వృద్ధురాలు, ఆమె కొమార్తె, ఇద్దఱు పిల్లలు, ఒక చంటిబిడ్డ. కారు నడుపువాడును ఆరుగురిలోనివాడు కాడని అప్పుడు తెలిసినది. వెరసి పన్నిద్దఱు. మేము అరుగుమీదనుండి చూచితిమి. అడుగవలెనని లేచితిమి. ఇంతలో ఆ ముసలమ్మగారు "కాసిని మంచినీళ్ళిప్పించండి బాబూ" అనిరి. నీళ్ళిచ్చితిమి, మఱి నోరు మెదపలేదు.

మఱునాడు భోగి. తెల్లవాఱుజామున మంటవేసి వచ్చి అందఱును నలుగు పెట్టుకొని, కుంకుడుకాయతో తలంటి పోసికొనిరి. వేయి లీటర్ల తొట్టి సూర్యోదయమునకే ఖాళీ యైనది. మరల మోటారు వేసి నింపితిమి. పది గంటలకు మరుగుదొడ్డిలో నీరు దిగుట మానినది. పదునొకండు గంటలకు గొయ్యి పొంగి పెరటిలోనికి వచ్చినది. పండుగపూట దానిని తోడు లారీ ఎక్కడ దొరకును? మాటకు మాట పెరిగినది. "మేము డబ్బిచ్చాము కదా" యని వారు, "ఆరుగురికిచ్చినారు" అని మేము. "చంటిపిల్లలను కూడ లెక్క పెట్టుదురా?" యని వారు. ఎందఱికని వ్రాసిన కాగితము ముక్క ఒకటియు మావద్ద లేదు. వారు మధ్యాహ్నమే పెట్టెలు సర్దుకొని అమలాపురములో నెవరో బంధువులున్నారని వెడలిపోయిరి. కారెక్కునపుడు ముసలమ్మగారు మా వంక చూచి చేతులు జోడించిరి. ఆ నమస్కారము పండుగ మూడుదినములును మమ్ము విడువలేదు.

తప్పు కొంత వారిది. అధికభాగము మాది. ఎట్లో వివరింతుము.

మనవారు తలలను లెక్కింపరు, కుటుంబములను లెక్కింతురు. "మేము రెండు కుటుంబములము" అని చెప్పినవారి మనస్సులో మోసము లేదు. ఒడిలోని బిడ్డ లెక్కకు రాడు. పదేండ్ల పిల్లవాడు తల్లిప్రక్కనే పండుకొనును గావున వాడును రాడు. అత్తగారు చివరి నిముసమున బయలుదేరుదురు. కారు నడుపువాడు ఎవరి లెక్కలోను లేడు. అతనికి స్నానము, నిద్ర, పళ్ళెము అక్కఱలేనట్లే అందఱును తలంతురు. మా యింట ఆ రాత్రి ఆ కుఱ్ఱవాడు కారులోనే కాళ్ళు ముడుచుకొని పండుకొని, తెల్లవాఱి కొబ్బరిచెట్టు మొదట ముఖము కడుగుకొనెను. తోట యిల్లు అద్దెకిచ్చువారు ముందుగా లెక్కింపవలసిన మనిషి అతడే యని మేము ఇప్పుడు గట్టిగా చెప్పుచున్నాము.

మేమడిగిన ప్రశ్నయే తప్పు. "ఎందఱు వచ్చుచున్నారు?" అని అడిగితిమి. అడుగవలసినది "రాత్రి మా యింట నిద్రించువారు, పెద్దలు, పిల్లలు, చంటిబిడ్డలు, కారు నడుపువారితో గూడ, ఎందఱు?" అని. ఈ యొక్క మాట మార్చిన పిమ్మట మా చిక్కులు సగము తీఱినవి. దీనిని ఫోనులో అడిగి ఊరకొనక, జవాబును వాట్సాపులో వ్రాయించుకొనవలెను. ఎయిర్‌బిఎన్‌బి వంటి సంస్థలద్వారా కుదిరినయెడల, ఆ సంస్థవారి సందేశములలోనే వ్రాయించుట మేలు. తగవు వచ్చినపుడు వారు చూచునది దానినే. ఆ సంస్థవారి లెక్కలో రెండేండ్లు నిండని బిడ్డలు అతిథుల సంఖ్యలో చేరరని కూడ సభ్యులెఱిగియుండవలెను. తెలియక చంటిబిడ్డకు రొక్కమడిగి మాటపడుట ఎందులకు?

ఇక హద్దు ఎంత? దీనిని మంచములనుబట్టి నిర్ణయించువారు పొరపడుచున్నారు. చాపలు వేసికొని సావడిలో ఇరువదిమంది పండుకొనవచ్చును, మన పెండ్లిండ్లలో పండుకొనుటలేదా? హద్దును నిర్ణయించునవి నీటితొట్టియును, పెరటిలోని గొయ్యియును. మురుగు కాలువలు గల పట్టణములలో మనిషికి దినమునకు 135 లీటర్ల నీరు కావలెనని మన దేశపు ఇంజనీర్లు ఒక కొలత పెట్టుకొనినారు. మన తోట యిండ్లకు వచ్చువారు పట్టణములవారే, వారి వాడుకయు అంతియే. కావున వేయి లీటర్ల తొట్టి ఒకమాఱు నిండిన ఏడుగురికి సరిపోవును. భోగినాటి తలంట్లను ఏ ఇంజనీరును లెక్కవేసియుండడు.

సెప్టిక్ ట్యాంకు సంగతి ఇంకను ముఖ్యము. భారతీయ ప్రమాణముల సంస్థవారి 2470 సంఖ్యగల పత్రము ప్రకారము, ఏటేట శుభ్రము చేయు ట్యాంకు ఐదుగురికైనచో ఒకటిన్నర మీటరు పొడవు, ముప్పాతిక మీటరు వెడల్పు, ఒక మీటరు నీటిలోతు ఉండవలెను. పదిమందికైన రెండు మీటర్ల పొడవు, తొంబది సెంటీమీటర్ల వెడల్పు. మీ యింటిది ఎంతయో మేస్త్రిని పిలిచి కొలిపించుడు. పెక్కురు తమ యింటి గొయ్యి కొలత ఎఱుగరు. మేమును ఎఱుగకయే యుంటిమి. ట్యాంకునుండి వెలువడు నీరు ఇంకుడుగుంతలోనికి పోయి భూమిలోనికి దిగవలెను. కోనసీమలో నీటిమట్టము పైపైననే యుండును గావున మెట్టసీమలో ఇంకినట్లు ఇచ్చట ఇంకదు. త్రాగునీటి నూతికి ఆ గుంత 18 మీటర్ల దూరమునకు తగ్గకుండ నుండవలెనని అదే పత్రము చెప్పుచున్నది. మా గొయ్యి ఆనాడు పొంగుటకు మనుష్యులు హెచ్చుటయొక్కటే కారణము కాదు. స్నానపు నీటిని గూడ మేస్త్రి తన సౌలభ్యముకొఱకు అందులోనికే కలిపియుండెను. పిమ్మట దానిని విడదీసి, వేఱు కాలువద్వారా కొబ్బరిమొక్కల పాదులకు మళ్ళించితిమి. సబ్బునీరు ఒకే పాదులో నిలువకుండ పాదులు మార్చుచున్నాము.

ఇదంతయు అయిన పిమ్మట మా యింటికి ఆరుగురు, చంటిబిడ్డయున్నయెడల ఏడుగురు అని నిశ్చయించుకొంటిమి. ఒకరిద్దఱు హెచ్చువారు వచ్చిన తలకింత యని అదనపు సొమ్ము పుచ్చుకొనుడని కొందఱు మిత్రులు మాకు సలహా యిచ్చిరి. పఱుపులకును దుప్పట్లకును అది సరియే. ఎనమండుగురివఱకు మేమును పుచ్చుకొందుము. ఆ పైన ఎంత రొక్కమిచ్చినను వలదందుము; రొక్కము చూచి గొయ్యి హెచ్చు నీటిని ఇంకించుకొనదు. ఆ అదనపు సొమ్ము ఎంతయో ముందే వ్రాసి తెలుపుట అత్యవసరము. 1872 సంవత్సరపు ఒప్పందముల చట్టము 74వ సెక్షను ప్రకారము, ఒప్పందము తప్పినపుడు చెల్లింపవలసిన మొత్తము ముందే వ్రాసికొనియున్నయెడల ఆ మొత్తమునకు మించకుండ, న్యాయమైనంత మేరకు పరిహారము లభించును. వెయ్యి రూపాయల నష్టమునకు పదివేలని వ్రాసికొనిన పదివేలును వచ్చునని ఆశింపరాదు. ఎయిర్‌బిఎన్‌బి ద్వారా వచ్చినవారు వస్తువులు పాడుచేసినయెడల, వారు వెడలిన 14 దినములలోపుగా ఛాయాచిత్రములతో ఆ సంస్థకు తెలుపుకొనవలెను. పండుగ హడావుడిలో ఈ గడువు దాటిపోవుట సులభము.

నీటిని గూర్చియు గొయ్యిని గూర్చియు ఇంత వ్రాసితిమి. వానిని మించిన భయము మఱియొకటి గలదు. పేరు చెప్పక వచ్చిన మనిషి ఎవరో మనకు తెలియదు. సంక్రాంతికి వచ్చువారిలో అమెరికా పౌరసత్వము పొందిన మన బిడ్డలు పలువురు. వారు మన భాషయే మాటాడుదురు, మన పూతరేకులే తిందురు. ఐనను చట్టము దృష్టిలో వారు విదేశీయులు. ఓసీఐ కార్డు గలవారును ఇందుకు మినహాయింపు కారు. విదేశీయునికి బస యిచ్చినవారు అతడు వచ్చిన 24 గంటలలోపుగా అంతర్జాలముద్వారా అధికారులకు తెలుపవలెను. లోగడ ఫారం-సి అని వ్యవహరింపబడిన నియమము ఇదియే. 2025 సెప్టెంబరు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన వలస, విదేశీయుల చట్టము క్రిందను ఈ బాధ్యత యింటివారిదే. ఆరుగురి పేర్లు వ్రాసికొని, ఏడవవాడుగా అట్లాంటానుండి వచ్చిన మేనల్లుడు రాత్రి ఆటోలో దిగినయెడల, తప్పు అతనిది కాదు, మనది యగును. కావున వయస్సువచ్చిన ప్రతివారి పేరును, గుర్తింపు పత్రపు ప్రతియును ముందుగానే పంపించుకొనవలెను. ప్రతి మాత్రమే సుమా! మూలపత్రమును తీసికొని బీరువాలో పెట్టుకొనువారు కొందఱున్నారు. అది కూడని పని.

మఱొక సంగతి చెప్పుటకు కొంత సంకోచముగ నున్నది గాని చెప్పక తీఱదు. పండుగరోజులలో కుటుంబమని చెప్పి తోట కుదుర్చుకొని, తెల్లవాఱునప్పటికి బండ్లమీద యాబదిమందిని దింపి కోడిపందెముల బరి గీయువారును గలరు. 1960 సంవత్సరపు జంతుహింస నిరోధక చట్టము పందెము వేయువానినే కాక, తన స్థలమును జంతువుల పోరాటమునకు వాడనిచ్చినవానిని గూడ నేరస్థుని చేయుచున్నది. జూదమునకు 1974 సంవత్సరపు ఆంధ్రప్రదేశ్ గేమింగు చట్టము వేఱుగా ఉండనేయున్నది. "నాకు తెలియదండీ, ఆరుగురన్నారు" అను మాట, వ్రాతమూలముగ నున్నపుడే వినబడును.

ఇది మన సీమలోనే పుట్టిన చిక్కు కాదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమందలి ఒరిండా అను చిన్న పట్టణములో 2019 అక్టోబరు 31వ తేదీ రాత్రి, పన్నెండుమంది బంధువుల కూడిక యని చెప్పి ఎయిర్‌బిఎన్‌బి ద్వారా కుదుర్చుకొనిన యింట నూఱుమందికి పైగా చేరిరి. తుపాకులు పేలి ఐదుగురు మరణించిరి. ఆ పిమ్మట ఆ సంస్థవారు 2020 ఆగస్టులో తమ యిండ్లన్నిటను విందుమూకలను నిషేధించి, 2022 జూనులో ఆ నిషేధమును శాశ్వతము గావించిరి. మన తోటలలో అంతటి ఘోరము జరుగునని మేము చెప్పుటలేదు. యజమాని చెవినిబడిన సంఖ్యకును గడపదాటిన సంఖ్యకును గల యంతరము ఎంతవఱకు పోగలదో సభ్యులు గ్రహించుటకై వ్రాసితిమి.

ఇట్లని ఎవరెవరు వచ్చుచున్నారో దాగి చూచుటకు పూనుకొనరాదు. ఇంటిలోపల కెమెరాలు పెట్టుట అతి నీచము. ఎయిర్‌బిఎన్‌బి వారు 2024 ఏప్రిలు 30వ తేదీనుండి లోపలి కెమెరాలను ఎల్ల దేశములలోను నిషేధించినారు. గేటువద్ద ఒకటి ఉన్నయెడల అది యున్నదని ముందే తెలుపవలెను. మాకు కెమెరా లేదు. అతిథులు వచ్చు వేళకు మేమే గేటువద్ద నుందుము. అందఱును చేరువఱకు కదలము. ఆనాడు తాళములిచ్చి భోజనమునకు పోవుటయే మా మొదటి పొరపాటు.

గేటువద్ద హెచ్చువారు కనబడినయెడల సామాను దిగకముందే మాటాడవలెను. పెట్టెలు లోపలికి పోయినపిమ్మట న్యాయమైన మాటయు కయ్యమువలె వినబడును. మంచినీళ్ళిచ్చి, కుదుర్చుకొనిన వ్యక్తిని ప్రక్కకు పిలిచి, ఆయనతో మాత్రమే మాటాడవలెను. అల్లుని యెదుట మామగారిని, మామగారి యెదుట అల్లుని నిలదీయరాదు. పరువునకు వెఱచి వారు పట్టుదలకు పోదురు. "మీరు ఆరుగురని వ్రాసినారు, తొమ్మండుగురు వచ్చినారు. మా గొయ్యి ఆరుగురికే కట్టినది" అనుడు. "మీరు మోసము చేసినారు" అనవలదు. గొయ్యి పేరు చెప్పిన ఎవరికిని కోపము రాదని మా యనుభవము.

పగలు చూడవచ్చు చుట్టములను లెక్కలోనికి తేరాదు. పండుగకు సొంతయూరు వచ్చినవారిని మేనత్తయు బాబాయియు చూడవత్తురు, కాఫీ త్రాగుదురు, పోవుదురు. దానికి అడ్డుచెప్పు యజమాని కోనసీమవాడు కాడు. రాత్రి తొమ్మిది గంటలకు పిమ్మట ఉండువారెవరను ప్రశ్న మాత్రమే మనది.

హెచ్చువారిని రాత్రివేళ వెడలగొట్టవచ్చునా? బాడుగ యింట ఒకటి రెండు దినములుండువాడు కౌలుదారు కాడు. అనుమతిమీద నుండువాడు మాత్రమే. మన జిల్లాలకు మద్రాసు కాలమునుండి వర్తించుచున్న 1882 సంవత్సరపు ఈజ్‌మెంటుల చట్టము ఆ యనుమతిని రద్దుచేయనిచ్చుచున్నది. కాని రద్దుచేసినపుడు వెడలిపోవుటకు తగినంత వ్యవధి ఈయవలెనని అదే చట్టము చెప్పుచున్నది. ముసలివారును పిల్లలును గలవారికి పుష్యమాసపు మంచులో రాత్రి పది గంటలకు తగిన వ్యవధి యనగా తెల్లవాఱువఱకే యని మేము అర్థము చేసికొంటిమి. వకీళ్ళు వేఱుగా వాదింపవచ్చును. వారు గేటువద్ద నిలిచి చూచినవారు కారు.

ఇచ్చటనే మన సంఘము ఉపయోగపడినది. కాలువకు ఆవలి గట్టున మఱొక సభ్యునికి తోట యిల్లు గలదు, ఇంకొకరికి ఊరిలో పెంకుటిల్లు. ఎవరి యింట ఎందఱికి చోటున్నదో ముందే ఒకరికొకరు తెలుపుకొని, హెచ్చువారిని ఒకరినుండి ఒకరు పుచ్చుకొనుచున్నాము. ధర ముగ్గురికిని ఒక్కటియే. ఒకరి అతిథిని మఱొకరు మఱుసటి యేడు పిలువరాదను మాట మాత్రము గట్టిగా అనుకొంటిమి. అది మొదటి యేడు ఒకమాఱు తప్పినది. సంఘపు మీటింగులో సర్దుకొంటిమి.

గత సంక్రాంతికి పది దినముల ముందు ఫోను మ్రోగినది. ఆనాటి పెద్దమనుష్యుడే. మా యింటికి మరల వత్తుమని అడుగుటకు ఆయనకును, వినుటకు మాకును కొంత సేపు పట్టినది. "ఈసారి తొమ్మండుగురమండీ, డ్రైవరుతో పదుగురము" అని తానే చెప్పెను. ఆరుగురిని మా యింట, డ్రైవరుతో గూడ నలుగురిని కాలువ యావల కుదిర్చితిమి. పదుగురి పేర్లును వాట్సాపులో వచ్చినవి. భోగికి ముందునాటి సాయంకాలము వెలుతురుండగనే కారు వచ్చినది. ఆనాటి చంటిబిడ్డ తన కాళ్ళతో దిగి కోడిపిల్లల వెంట పరుగెత్తెను. ముసలమ్మగారు చేతికఱ్ఱ ఊతగా పెరటిలోనికి పోయి, మేడమీది తొట్టి వంక తలయెత్తి చూచి, "ఈసారి నీళ్ళు సరిపోతాయా బాబూ?" అని అడిగిరి.